ఏతం, మోట: తెలుగు సేద్యంలో సరళ యంత్రాలు – శ్రమ స్వరూపం

ఉపోద్ఘాతం

తెలుగు దేశపు నీటిపారుదల చరిత్రలో చెరువులకు, ఆనకట్టలకు, కాలువలకు తగిన స్థానం లభించింది. కాకతీయుల చెరువుల మీద, 1847–1852 మధ్య ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం వద్ద నిర్మితమైన గోదావరి ఆనకట్ట మీద విస్తారమైన పరిశోధన జరిగింది. ఈ నిర్మాణాలన్నింటికీ ఆధారమైన సూత్రం ఒక్కటే. నీరు పల్లమెరుగుతుంది. ఎత్తున నిలిపిన నీటిని పల్లానికి మళ్లించడమే అక్కడ ముఖ్యమైన పని.

దీనికి పూర్తిగా ఎదురు దిశలో సాగిన సేద్యం మరొకటి ఉంది. రాయలసీమలో, తెలంగాణలో, నెల్లూరు, ప్రకాశం మెట్టలలో బావి అడుగున ఉన్న నీటిని పొలం మట్టానికి ఎత్తి పోస్తే గాని పైరు పచ్చబడేది కాదు. ఆ ఎత్తిపోత కోసం తరతరాలుగా వాడిన సాధనాలు గూడ, ఏతం, మోట. వీటిలో చివరి రెండూ భౌతికశాస్త్రం సరళ యంత్రాలని పిలిచే వర్గానికి చెందినవి. సరళ యంత్రం శ్రమను తేలిక చేస్తుందన్నది పాఠ్యపుస్తకాలు చెప్పే మాట. తేలిక చేయడమంటే ఏమిటి, ఎవరికి తేలిక అయింది, ఆ తేలికకు ఎవరు మూల్యం చెల్లించారు అన్న ప్రశ్నలను తెలుగు సేద్య చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సరళ యంత్రం: భావన, పరిణామం

అలెగ్జాండ్రియాకు చెందిన హెరాన్ క్రీ.శ. మొదటి శతాబ్దంలో బరువులెత్తే సాధనాలను అయిదు రకాలుగా వర్గీకరించాడు. అవి ఇరుసు చక్రం, మీట, కప్పీ, చీలిక, మర. వాలుతలానికి ఆ జాబితాలో చోటు లేదు. 1586లో సైమన్ స్టెవిన్ వాలుతలం మీది బరువుల సమతౌల్యాన్ని నిరూపించాడు. ఆధునిక యుగంలో అది ఆరవ సరళ యంత్రంగా స్థిరపడింది.

ఈ యంత్రాల స్వభావాన్ని స్పష్టంగా గ్రహించినవాడు గెలీలియో. 1600 ప్రాంతంలో యంత్రశాస్త్రంపై రాసిన గ్రంథంలో ఆయన ఒక భ్రమను ఖండించాడు. యంత్రాలతో ప్రకృతిని మోసగించి చిన్న బలంతో పెద్ద పని ఉచితంగా చేయించుకోవచ్చునని శిల్పులు అనుకునేవారు. అది సాధ్యం కాదని, బలంలో కలిగిన లాభానికి సమానమైన నష్టం దూరంలోనో కాలంలోనో తప్పదని గెలీలియో వివరించాడు. బలాన్ని దూరంతో గుణించగా వచ్చే రాశికి 1829లో కొరియాలిస్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పేరు పెట్టాడు. అందుకు ఆయన ఎంచుకున్నది ఫ్రెంచి భాషలో కూలివాని శ్రమకు వాడే మాట. తెలుగులోనూ భౌతికశాస్త్ర పరిభాషలోని ‘పని’, పొలంలో చేసే పని ఒకే మాట కావడం గమనార్హం.

అందువల్ల సరళ యంత్రం పని మొత్తాన్ని తగ్గించదు. ఘర్షణ వల్ల నిజానికి కొంత పెంచుతుంది. అది మార్చేది పని జరిగే తీరును. పెద్ద బలాన్ని చిన్న బలంగానూ, పైకి లాగే పనిని కిందికి తొక్కే పనిగానూ, చేతుల శ్రమను కాళ్ల శ్రమగానూ, మనిషి శ్రమను పశువు శ్రమగానూ మార్చగలదు. ఏతం, మోటల చరిత్ర ఈ మార్పిడుల చరిత్ర.

మూడు సాధనాలు, మూడు క్రియలు

ఈ సాధనాలతో చేసే పనిని తెలుగు భాష ఒకే క్రియతో చెప్పదు. గూడ వేస్తారు, ఏతం తొక్కుతారు, మోట తోలుతారు. కొన్ని ప్రాంతాలలో మోట కొట్టడం అనీ, రాయలసీమలో కపిల తోలడం అనీ అంటారు. వేయడం చేతుల పని. తొక్కడం కాళ్ల పని. తోలడం పశువుల చేత చేయించే పని. శ్రమ ఏ అవయవం మీద, ఏ ప్రాణి మీద పడుతున్నదో క్రియే చెబుతున్నది.

నామవాచకాలూ విలువైన సాక్ష్యమే. ఏతం అన్న మాటకు తమిళంలో ఏఱ్ఱం, కన్నడంలో యాత అనే రూపాలున్నాయి. పైకి పోవడం, ఎక్కడం అనే అర్థమున్న ద్రావిడ ధాతువుతో వీటికి సంబంధం ఉంది. అంటే ఈ పేరుకు మూలం నీరు పైకి చేరడమనే ఫలితం. ఇంగ్లీషువారు ఇదే సాధనాన్ని పికోటా అన్నారు. అది పోర్చుగీసు నావికుల నుంచి వచ్చిన మాట. ఓడలోని నీటిని తోడే పంపు పిడికి వారు వాడిన పేరును తీరప్రాంతంలో కనిపించిన ఏతానికి అన్వయించారు. 1800లో మద్రాసు నుంచి మైసూరు మీదుగా ప్రయాణించిన ఫ్రాన్సిస్ బుకానన్ 1807లో వెలువడిన తన యాత్రాగ్రంథంలో ఏతాన్ని, కపిలను స్థానిక నామాలతోనే నమోదు చేశాడు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ప్రచురించిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశం ఇటువంటి పదజాలాన్ని ప్రాంతాల వారీగా సేకరించి భద్రపరచింది. ఆ సేకరణ జరిగేనాటికి ఈ సాధనాలు ఇంకా వాడుకలో ఉండటం వల్ల ఆ పదాలు పనిచేసేవారి నోటి నుంచే లభించాయి.

నీటి బరువు

ఎత్తిపోత సేద్యంలోని శ్రమను అంచనా వేయాలంటే ముందు నీటి బరువును లెక్కించాలి. ఒక ఎకరం పొలంలో అంగుళం మందాన నీరు నిలవడానికి సుమారు 1,03,000 లీటర్ల నీరు కావాలి. లీటరు నీరు కిలో తూగుతుంది గనుక అది 103 టన్నుల బరువు. అంత బరువును 4 మీటర్ల లోతు నుంచి పైకి చేర్చడం ఎకరానికి ఒక్క తడిలో చేయవలసిన కనీసపు పని. ఏ యంత్రమూ ఈ అంకెను తగ్గించలేదు.

గూడతో ఈ పని సాధ్యం కాదు. వెదురుతోనో తాటాకుతోనో అల్లిన గూడకు రెండు వైపులా తాళ్లు కట్టి, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలిచి ఊపుతూ నీటిని చిమ్ముతారు. కాలువ నుంచో కుంట నుంచో మీటరు, మీటరున్నర ఎత్తున్న మడిలోకి నీరు పెట్టడానికే అది సరిపోతుంది. అంతకు మించిన లోతుకు చేతుల సత్తువ చాలదు. అక్కడ ఏతం అవసరమవుతుంది.

ఏతం: దేహభారమే బలంగా

ఏతం మీట సూత్రంపై పనిచేస్తుంది. బావి ఒడ్డున పాతిన పంగల స్తంభం ఆధారబిందువు. దానిపై అడ్డంగా ఊగే దూలం మీటదండం. దూలం ఒక కొన నుంచి వెదురు గడ, ఆ గడ చివర బాన వేలాడుతాయి. చిన్న ఏతంలో రెండో కొనకు రాయి గాని మట్టిముద్ద గాని బరువుగా కడతారు. ఒక మనిషి గడ పట్టి కిందికి లాగి బాన ముంచుతాడు. నిండిన బానను పైకి తేవడంలో రాయి తోడ్పడుతుంది. ఇక్కడ కూడా శ్రమ పోలేదు. ఖాళీ బానను దించేటప్పుడు మనిషి రాతిని పైకి లేపుతున్నాడు. నిండు బానను ఎత్తేటప్పుడు ఆ రాయి బాకీ తీరుస్తున్నది. అయితే మనిషి పైకి లాగడానికి బదులు తన బరువును ఊతంగా చేసుకుని కిందికి లాగుతున్నాడు. దీనితో నడుము మీది భారం తగ్గుతుంది.

పెద్ద ఏతంలో రాతి స్థానంలో మనుషులే ఉంటారు. ఒకరో ఇద్దరో దూలం మీద నిలిచి ముందుకు, వెనక్కు నడుస్తుంటే దూలం ఊగుతుంది. కింద ఒకడు గడ పట్టి బాన ముంచి, పైకి వచ్చాక కాలువలో కుమ్మరిస్తాడు. దీన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో లెక్కించవచ్చు. బాన 25 లీటర్లు పట్టేదనీ, ఆధారబిందువు నుంచి బాన ఉన్న దూరం తొక్కేవాడు నిలిచే దూరానికి రెట్టింపనీ అనుకుంటే, 25 కిలోల నీటిని నిలబెట్టడానికి రెండో వైపు 50 కిలోల బరువు కావాలి. 60 కిలోల మనిషి అక్కడ నిలిస్తే చాలు, బాన లేస్తుంది. అతడు 2 మీటర్లు దిగితే బాన 4 మీటర్లు పైకి వస్తుంది.

దిగడంలో అతనికి శ్రమ లేదు. కాని దిగిన ప్రతిసారీ మళ్లీ అంత ఎత్తూ ఎక్కాలి. ఎకరంలో అంగుళం నీటికి సుమారు 4,100 బానలు పోయాలి. ప్రతి బానకూ 2 మీటర్ల చొప్పున లెక్కిస్తే మొత్తం ఎక్కుడు 8,200 మీటర్లు. ఎవరెస్టు శిఖరం సముద్రమట్టానికి 8,849 మీటర్ల ఎత్తున ఉన్నదని గుర్తుచేసుకుంటే ఈ సంఖ్య అర్థం బోధపడుతుంది. ఎంతమంది పంచుకున్నా, ఎన్ని రోజులకు విస్తరించినా, ఒక ఎకరానికి ఒక పలుచని తడి పెట్టడానికి మనుషులు ఉమ్మడిగా ఎక్కవలసిన ఎత్తు అది.

మరి ఏతం చేసిన మేలు ఏమిటి? అదే నీటిని కేవలం చేతులతో చేది లాగితే భుజాలు, నడుము త్వరగా అలసిపోతాయి. తొడ కండరాలు దేహంలో బలిష్ఠమైనవి, ఎక్కువసేపు ఓర్చుకోగలవి. శ్రమను చేతుల నుంచి కాళ్లకు మార్చి, దానికి ఒక లయను కల్పించి, గంటల తరబడి చేయదగినదిగా ఏతం మార్చింది. ఒక మనిషి రోజంతా చేయగల పనిని అది పెంచింది. ఆ రోజంతా అతని చేత పని చేయించుకునే అవకాశాన్నీ దానితోపాటే కల్పించింది. పైగా, తడిసి నునుపెక్కిన దూలం మీద అడుగు తప్పితే బావిలో పడే ప్రమాదం తొక్కేవానిదే.

మోట: ఎద్దుల బరువు, నేల వాలు

బావి లోతు పెరిగేకొద్దీ దూలం పొడవు చాలదు. అక్కడ మోట వస్తుంది. మోటలో మీట లేదు. గిలక, వాలు బాట కలిసి పనిచేస్తాయి. బావి ఒడ్డున నిలిపిన స్తంభాల మధ్య గిలక తిరుగుతుంది. దాని మీదుగా పోయే మోకు ఒక కొన తోలుసంచికి, రెండో కొన ఎద్దుల కాడికి కట్టి ఉంటాయి. బావి ఒడ్డున ఎత్తుగా మొదలై దూరం పోయేకొద్దీ దిగిపోయే వాలు బాట మీద ఎద్దులు దిగుతుంటే సంచి పైకి వస్తుంది.

స్థిరంగా అమర్చిన ఒకే గిలక బలంలో ఏ లాభమూ ఇవ్వదు. అది దిశను మాత్రమే మారుస్తుంది. సంచి 10 మీటర్లు లేవాలంటే ఎద్దులు 10 మీటర్లు నడవాలి. 150 కిలోల సంచికి ఘర్షణ విడిచి 150 కిలోల లాగుడే కావాలి. చదును నేల మీద ఒక జత ఎద్దులు రోజంతా అంత బలంతో లాగలేవు. లాభమంతా వాలులో ఉంది. రెండు ఎద్దులు కలిసి 600 కిలోలనీ, బాట అయిదు మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగుతుందనీ అనుకుంటే, వాటి దేహభారంలో సుమారు 120 కిలోలు లాగుడుగా పనిచేస్తుంది. కండరాలు తేవలసింది ఇంకో 30 కిలోలే. తోలేవాడు దిగేటప్పుడు మోకు మీద కూర్చుని తన బరువునూ దానికి జోడిస్తాడు.

ఇక్కడ కూడా బాకీ తప్పదు. దిగిన ఎద్దులు ఖాళీ సంచి బావిలోకి దిగుతుండగా వాలు మీదికి మళ్లీ రావాలి. చాలాచోట్ల కాడి విప్పకుండానే వాటిని వెనక్కి నడిపిస్తారు. 600 కిలోల దేహాలు 2 మీటర్ల ఎత్తు ఎక్కడమంటే 1,200 కిలో మీటర్ల పని. నీటిని ఎత్తడానికి కావలసిన 1,500 కిలో మీటర్ల పనిలో అయిదింట నాలుగు వంతులు ఈ రాకలోనే ముందుగా చేసిపెట్టినట్లు. నీరు పైకి వస్తున్నప్పుడు తేలికగా కనిపించే ఎద్దులు నిజంగా శ్రమించేది సంచి ఖాళీగా ఉన్నప్పుడే. వెనుక నడక తెలిసిన ఎడ్లకు రైతులు విలువ ఇవ్వడానికి కారణం ఇదే.

సంచి అడుగున ఉండే తొండం మోటలోని సున్నితమైన కల్పన. దానికి వేరే సన్నని తాడు కట్టి, గిలకకు కింద ఉన్న ఉరుళ్ల దుంగ మీదుగా కాడికే కలుపుతారు. సంచి లేస్తున్నంతసేపూ తొండం మడిచి పైకి నిలిచి ఉంటుంది. ఒడ్డుకు రాగానే దాని నోరు తొట్టిలోకి వాలి నీరు దానంతట అదే పారుతుంది. తొండం లేని మోటకు కుమ్మరించడానికి ఒక మనిషి ప్రత్యేకంగా కావాలి. రెండు తాళ్ల పొడవుల అమరిక ఆ మనిషి అవసరాన్ని తొలగించింది.

యంత్రం చుట్టూ గ్రామం

మోట ఒక వ్యక్తి నిర్మించిన వస్తువు కాదు. స్తంభాలు, గిలక, కాడి వడ్రంగి చేసేవాడు. ఇరుసు, కట్లు కమ్మరి పని. తోలును పదును చేసి, సంచిగా కుట్టి, తొండం అతికి, ఏటేటా మరమ్మతు చేసేవారు మాదిగలు. వీరికి ప్రతిఫలం కళ్లంలో కొలిచే మేర రూపంలో అందేది. బావి పండించినంతనే మేర దక్కేది గనుక యంత్రం పనితనంలో వారికీ భాగం ఉండేది. కరువు నష్టంలోనూ ఉండేది.

ఈ వ్యవస్థలో ఒక తీవ్రమైన వైరుధ్యం ఉంది. మాదిగల చేతులు కుట్టిన తోలుసంచిలో వచ్చిన నీరు వరికి, చెరకుకు, కూరగాయలకు ఆమోదయోగ్యమే. ఆ పంట ఎవరి ఇంట వండినా మైల కాదు. కాని అవే చేతులు ఊరుమ్మడి మంచినీటి బావిలో చేద వేయడానికి అనుమతి లేదు. ఎత్తిపోత విజ్ఞానంలో ముఖ్యమైన భాగాన్ని తయారుచేసినవారినే నీటికి దూరంగా ఉంచిన సమాజం ఇది. 20వ శతాబ్దంలో ఇనుపరేకు బాన క్రమంగా తోలుసంచి స్థానాన్ని ఆక్రమించింది. బాన మన్నిక పెరిగింది. చర్మకారుని మేర తగ్గింది. కొత్త రేకు బానలకు కూడా తొండం మాత్రం చాలాచోట్ల తోలుదే మిగిలింది.

బావి యజమాని, ఏతం తొక్కేవాడు ఒకరే అయిన చిన్న రైతు ఇంట యంత్రం తెచ్చిన తేలిక ఆ ఇంటికే దక్కింది. పాలేర్లు, జీతగాళ్లు పనిచేసే బావుల వద్ద పరిస్థితి వేరు. నిజాం పాలనలోని తెలంగాణలో దొరల పొలాల్లో వ్యవసాయపు పనులు వెట్టి కింద కూడా జరిగేవి. అటువంటి చోట సాధనం మెరుగుపడినంత మాత్రాన శ్రామికుని విశ్రాంతి పెరగలేదు. అదే దినంలో తడిసే నేల విస్తీర్ణం పెరిగింది.

పాట: శ్రమకు కొలత

బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ వెలువడిన తరవాత శ్రామిక గేయాలు సాహిత్య పరిశోధనలో స్థిరమైన అంశమయ్యాయి. ఏతం పాటలను, మోట పాటలను శ్రమను మరపించే సాధనాలుగా వివరించడం పరిపాటి. యంత్ర దృష్టితో చూస్తే వాటికి మరి రెండు ప్రయోజనాలున్నాయి. మొదటిది సమన్వయం. దూలం మీద నిలిచిన ఇద్దరు ఒకే క్షణంలో అడుగు మార్చకపోతే దూలం అదుపు తప్పుతుంది. కింద గడ పట్టినవాడు వారి లయకు తగినట్లు బాన ముంచాలి. రెండవది లెక్క. బానల సంఖ్యను పాటలో ఇమిడ్చి పాడటం వల్ల ఎంత నీరు పారిందో, తన వంతు ఎప్పుడు ముగుస్తుందో తొక్కేవానికి తెలుస్తుంది. ఉమ్మడి బావులలో వంతులు పంచుకోవడానికి ఈ లెక్కే ఆధారం. ఏతం పాటకు ఎదురుపాట లేదన్న నానుడిని ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి. ఊపిరి, అడుగు, అంకె ఒకటైన పాటకు ఇంకొకరు అడ్డు తగలడం కుదరదు.

పంపు రాక

మద్రాసు ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యుడిగా పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ 20వ శతాబ్ది తొలి దశకాల్లో చమురు ఇంజన్లతో నడిచే పంపులను మద్రాసు రాష్ట్రంలో ప్రచారం చేశాడు. ఎత్తిపోత సేద్యం మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. అయినా ఏతం, మోట వెంటనే కనుమరుగు కాలేదు. కొయ్య, తోలు, తాడు ఊళ్లోనే దొరుకుతాయి. చెడితే ఊళ్లోనే బాగుపడతాయి. ఎద్దులు దున్నకానికి ఎలాగూ ఉంటాయి. ఇంజనుకు చమురు, విడిభాగాలు, రొక్కం కావాలి. గ్రామాలకు విద్యుత్తు విస్తరించిన 1960ల తరవాతనే మార్పు వేగం అందుకుంది.

మనిషి నిలకడగా చేయగల పని రేటు సుమారు 75 వాట్లు. అంటే అశ్వశక్తిలో పదో వంతు. 5 అశ్వశక్తుల మోటారు, నష్టాలలో సగం పోయినా, 10 మీటర్ల లోతు నుంచి ఎకరానికి అంగుళం నీటిని గంటన్నరలో పోస్తుంది. ఏతం తొక్కేవాడు మోయలేని భారాన్ని మీట నొక్కే వేలు తీర్చింది. దీన్ని తక్కువ చేసి చూడటం తగదు. దూలం మీది ప్రమాదం, ఎద్దుల వెనుక నడక, చలిలో వేకువ జామున మొదలయ్యే చాకిరీ అంతరించడం నిజమైన విముక్తి.

ఆ విముక్తితోపాటు ఒక హద్దు కూడా తొలగిపోయింది. ఏతం, మోట ఉన్న కాలంలో బావి నుంచి ఎంత నీరు తీయాలన్నది దేహపు అలసట నిర్ణయించేది. లోతు రెట్టింపయితే శ్రమ రెట్టింపయ్యేది. అందువల్ల నీటి మట్టం తగ్గగానే తోడటమూ తగ్గేది. మోటారు ఆ సంకేతాన్ని దేహానికి చేరనివ్వదు. బావులు ఎండి బోర్లు, బోర్లు ఎండి మరింత లోతైన బోర్లు తవ్విన అనంతపురం వంటి జిల్లాల అనుభవం దీనికి నిదర్శనం. బరువును దూరంతో గుణించే పాత లెక్క మాత్రం మారలేదు. అది ఎద్దుల వీపు నుంచి విద్యుత్ కేంద్రానికి, రైతు అప్పుకు మారింది.

ముగింపు

ఏతం మీట సూత్రంతో శ్రమను చేతుల నుంచి కాళ్లకు, మోట వాలుతలంతో మనిషి నుంచి పశువుకు మార్చాయి. ఏ దశలోనూ నీటి బరువు గాని, దాన్ని ఎత్తవలసిన ఎత్తు గాని తగ్గలేదు. తగ్గినది ఒక్కొక్క క్షణంలో దేహం మీద పడే బలం. దానివల్ల సాధ్యమైనది ఎక్కువసేపు పనిచేయడం. ఆ ఎక్కువ సమయం ఎవరి ఆధీనంలో ఉన్నదన్నది యంత్రం నిర్ణయించలేదు. భూమి యాజమాన్యం, కులం, మేర, వెట్టి నిర్ణయించాయి. కాబట్టి సేద్య సాధనాల చరిత్రను నిర్మాణ వర్ణనతో ముగించక, ప్రతి సాధనం వద్ద ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు, నీరు ఎవరి మడికి చేరింది అన్న వివరాలతో కలిపి రాయవలసి ఉంది. వృత్తిపదకోశాలు, శ్రామిక గేయాలు, ఇంకా వాడుకలో నిలిచిన తొక్కడం, తోలడం, వేయడం వంటి క్రియలు ఆ రచనకు తెలుగు పరిశోధకుల చేతిలో ఉన్న విశ్వసనీయమైన ఆధారాలు.